టెడ్ క్రూజ్ గారి తరఫున వకాల్తా

2011 నవంబరులో టెక్సాస్ గవర్నర్ రిక్ పెర్రీ అధ్యక్ష పదవికి పోటీ పడుతూ టీవీ చర్చలో ఒక వీరప్రతిజ్ఞ చేశాడు. తాను గెలిస్తే వాషింగ్టన్‌లో మూడు శాఖలు మూసేస్తానన్నాడు. రెండు పేర్లు చెప్పాడు, మూడోది నోటికి రాలేదు. దేశమంతా చూస్తుండగా కాసేపు తడుముకుని, వల్లకాక వదిలేశాడు. ఆ మర్చిపోయింది ఇంధన శాఖ. 2017లో ట్రంప్ ఆయన్ని పిలిచి మంత్రి పదవి ఇచ్చాడు. ఏ శాఖకో చెప్పనక్కర్లేదు.

2015 నవంబరులో అదే టెక్సాస్ నుంచి సెనేటర్ టెడ్ క్రూజ్ గారు మిల్వాకీలో అలాంటి చర్చకే నిలబడ్డారు. పెర్రీకి జరిగిన పరాభవం ఎరిగినవారు కనుక తాను మూయబోయే ఐదింటి పేర్లూ తడబడకుండా అప్పజెప్పారు. పన్నులు వసూలు చేసే ఐఆర్ఎస్, వాణిజ్య శాఖ, ఇంధన శాఖ, వాణిజ్య శాఖ, గృహనిర్మాణ శాఖ. ఒకసారి మూస్తే మళ్ళీ తెరుస్తారని అనుమానం కాబోలు, వాణిజ్య శాఖను రెండుసార్లు మూశారు. ఆ సందడిలో అసలు జాబితాలో ఉన్న విద్యాశాఖ ప్రాణాలతో బయటపడింది. ఇప్పుడు, అంటే 2025 జనవరి నుంచి, క్రూజ్ గారు సెనేట్ వాణిజ్య కమిటీకి అధ్యక్షులు. టెక్సాస్ గాలిలో ఏముందో గానీ, అక్కడి నాయకులు ఏ గది కూలగొడతామంటారో ఆ గదిలోనే కాపురం పెడతారు.

ఈ పెద్దమనిషి తరఫున నేను వకాల్తా పుచ్చుకుంటున్నాను. ఆయనకు వకీలు కరువని కాదు. హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివి, టెక్సాస్ సొలిసిటర్ జనరల్‌గా సుప్రీంకోర్టులో వాదనలు వినిపించిన మనిషి. కానీ తోటివాళ్ళలో ఆయన గురించి ఒక మంచి మాట చెప్పే సాక్షి దొరకడం కష్టం. సొంత పార్టీవాడే, స్పీకర్‌గా చేసినవాడే, జాన్ బేనర్ 2016లో ఆయన్ని నరరూపంలో ఉన్న సైతాను అన్నాడు. ఇంకో సొంత పార్టీవాడు లిండ్సే గ్రాహం అదే ఏడాది మరీ ముందుకెళ్ళి, క్రూజ్‌ను ఎవరైనా సెనేట్‌లో చంపితే, విచారణ కూడా సెనేట్‌లోనే జరిగితే, శిక్ష వేసేవాడు ఒక్కడూ ఉండడని జోకు వేశాడు. నిండు సభలో ఇంత ఒంటరి అయిన మనిషిని చూస్తే ఎవరికి మాత్రం జాలి వేయదు?

అభియోగం చిన్నది. క్రూజ్ గారు టెక్సాస్ ప్రజలకు పని చేయరట. మైకు కోసం, కెమెరా కోసం, వారానికి మూడుసార్లు వచ్చే సొంత పాడ్‌కాస్ట్ కోసం తప్ప, తనను పంపిన రాష్ట్రం కోసం ఏమీ చేయరట. ఇది పచ్చి అబద్ధమని రుజువు చేస్తాను. నా క్లయింటు తనను పంపినవాళ్ళకు పనిచేసినంత నిష్ఠగా అమెరికాలో ఇంకెవరూ పనిచేయరు. ఎవరు పంపారన్న దగ్గరే లోకం పొరబడుతోంది. దాని సంగతికి వస్తాను. ముందు ఎదుటి పక్షం సాక్ష్యాలు వినాలి కదా.

2012 అక్టోబరులో శాండీ తుఫాను న్యూయార్క్, న్యూజెర్సీ తీరాలను ఊడ్చేసింది. 5,050 కోట్ల డాలర్ల సాయం బిల్లు 2013 జనవరిలో సెనేట్‌కు వచ్చింది. క్రూజ్ గారు ప్రమాణ స్వీకారం చేసి నెల కూడా నిండలేదు. అందులో దుబారా ఉందని వద్దు అని ఓటేశారు. బిల్లు నెగ్గింది. నాలుగేళ్ళు గడిచాయి. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను టెక్సాస్ తీరాన్ని తాకి, హ్యూస్టన్‌ను నీట ముంచి, కొన్నిచోట్ల 60 అంగుళాల వాన కురిపించింది. అప్పుడు కేంద్ర సాయం అత్యవసరమైంది, పవిత్రమైంది, ఆలస్యం చేయరానిదైంది. తాను మునిగింది గంగ! విలేకరులు శాండీ సంగతి గుర్తుచేస్తే, ఆ బిల్లులో మూడింట రెండొంతులు తుఫానుతో సంబంధం లేని ఖర్చేనన్నారు. పత్రికలవాళ్ళు పద్దులు తిరగేసి అది నిజం కాదని తేల్చారు. న్యూయార్క్ రిపబ్లికన్ సభ్యుడు పీటర్ కింగ్ మాత్రం మీరు మాకు చేసింది మేం మీకు చేయంలెండి అని చెప్పి మరీ హార్వీ సాయానికి మద్దతు పలికాడు. అంతకన్నా చెంపదెబ్బ ఇంకోటి ఉండదు. నా క్లయింటు చెంప మాత్రం ఎర్రబడినట్టు దాఖలా లేదు.

2021 ఆగస్టులో రోడ్లు, వంతెనల కోసం 1.2 లక్షల కోట్ల డాలర్ల మౌలిక వసతుల బిల్లు వచ్చింది. దానికి క్రూజ్ గారు జార్జియా డెమోక్రాట్ రఫేల్ వార్నాక్‌తో కలిసి ఒక సవరణ తెచ్చారు. పశ్చిమ టెక్సాస్‌లోని ఒడెస్సా, మిడ్‌లాండ్‌ల నుంచి జార్జియాలోని ఆగస్టా దాకా సైనిక స్థావరాలను కలుపుతూ పోయే ఐ-14 అనే అంతర్రాష్ట్ర రహదారి కోసం ఆ సవరణ. మంచి రోడ్డే. సభ ఒప్పుకుంది, సవరణ బిల్లులో చేరింది. కొద్ది రోజులకే పూర్తి బిల్లు ఓటుకు వచ్చింది. 69 మంది అవునన్నారు. కాదన్న 30 మందిలో నా క్లయింటు ఒకరు. రోడ్డు తనది, దాన్ని వేసే చట్టం మాత్రం పరాయిది. మన దగ్గర శిలాఫలకం మీద పేరు లేదని కలెక్టర్ మీద విరుచుకుపడే ఎమ్మెల్యేలను చూశాం గానీ, శిలాఫలకం చెక్కించి మరీ పునాది రాయికి అడ్డం పడినవాణ్ణి చూడలేదు.

సెమీకండక్టర్ చిప్‌ల కథా అంతే. అమెరికాలో చిప్ ఫ్యాక్టరీలు పెట్టేవాళ్ళకు దాదాపు 5,200 కోట్ల డాలర్లు ఇచ్చే చట్టానికి మూలపురుషుల్లో ఒకడు టెక్సాస్ రెండో సెనేటర్ జాన్ కార్నిన్. క్రూజ్ గారు 2022 జులైలో దానికి వద్దు అని ఓటేశారు, కంపెనీలకు ఊరికే డబ్బు పంచడమేమిటని. ఆ వాదనలో పస లేకపోలేదు, నిజం చెప్పాలంటే. కానీ పంచిన డబ్బు ఎక్కడికొచ్చింది? టేలర్ ఊళ్ళో శామ్‌సంగ్‌కు, షెర్మన్‌లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌కు. శామ్‌సంగ్ వాటాయే దాదాపు 475 కోట్ల డాలర్లు. అప్పుడు నా క్లయింటు ఏం చేశారంటే, ఆ చట్టం డబ్బుతో కట్టే ఫ్యాక్టరీలకు పర్యావరణ సమీక్ష నుంచి మినహాయింపు ఇచ్చే ఇంకో బిల్లు, అరిజోనా డెమోక్రాట్ మార్క్ కెల్లీతో కలిసి తెచ్చారు. 2024 అక్టోబరులో బైడెన్ దాని మీద సంతకం పెట్టాడు. ఇల్లు కట్టొద్దని గోల చేసి, కట్టాక గృహప్రవేశానికి ముహూర్తం పెట్టిన ఘనత ఇది.

ఇక వైద్యం. అమెరికాలో ఆరోగ్య బీమా లేనివాళ్ళ శాతం అన్ని రాష్ట్రాలకన్నా టెక్సాస్‌లోనే ఎక్కువ. ఏళ్ళుగా అదే స్థానం. కనుక అక్కడి సెనేటర్‌కు బీమా మొదటి పని కావాలి. అయింది కూడా. 2013 సెప్టెంబరు 24 మధ్యాహ్నం క్రూజ్ గారు సెనేట్‌లో లేచి నిలబడి, ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం ఒబామాకేర్‌కు డబ్బు ఆపాలంటూ 21 గంటల 19 నిమిషాలు మాట్లాడారు. రాత్రి ఎనిమిదింటికి ఇంటి దగ్గర కూతుళ్ళు టీవీలో చూస్తారని, పడుకునే ముందు చదివే పిల్లల పుస్తకం ఒకటి సభలోనే చదివి వినిపించారు. డాక్టర్ సూస్ రాసిన ఆ ఆకుపచ్చ గుడ్ల పుస్తకం అమెరికాలో ప్రతి పిల్లవాడికీ తెలుసు. కథ ఇది: ఒకడు ఒక వంటకాన్ని రుచి చూడకుండానే వద్దు వద్దని పుస్తకమంతా మొండికేస్తాడు. ఆఖర్న ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, అబ్బ, బాగుందే అంటాడు. ఒబామాకేర్ వద్దని చెప్పడానికి ఎంచుకున్న పుస్తకం ఇది.

ఆ ప్రసంగం తర్వాత వారం తిరక్కుండా అక్టోబరు 1న ప్రభుత్వం మూతబడింది, 16 రోజులు. లక్షలమంది కేంద్ర ఉద్యోగులు జీతం లేకుండా ఇంట్లో కూర్చున్నారు. వాళ్ళలో నాసావాళ్ళు, అంటే క్రూజ్ గారి సొంత ఊరు హ్యూస్టన్‌లో జాన్సన్ స్పేస్ సెంటర్‌వాళ్ళూ ఉన్నారు. ఒబామాకేర్‌కు చీమ కుట్టినట్టయినా లేదు. ఏడాదిన్నర తర్వాత, 2015 మార్చిలో, క్రూజ్ గారు అధ్యక్ష పదవికి పోటీ ప్రకటించారు. ప్రచారం కోసం భార్య గోల్డ్‌మన్ శాక్స్ ఉద్యోగానికి సెలవు పెట్టింది. ఇంటిల్లిపాదికీ ఆమె కంపెనీ బీమాయే గతి కనుక అది పోయింది. ఒబామాకేర్ మార్కెట్లోనే బీమా తీసుకోబోతున్నట్టు ఆయనే టీవీ వాళ్ళకు చెప్పారు. పుస్తకం చివరి పేజీ దాకా వచ్చారన్నమాట, ఒక ముద్ద దగ్గరికి. 2018 జనవరిలో మరో మూసివేత నడుస్తుండగా, తాను ప్రభుత్వాన్ని మూసేయడాన్ని ఎప్పుడూ వ్యతిరేకిస్తూనే వచ్చానని చెప్పారు. ఎదురుగా ఉన్న విలేకరులు చెవులు నమ్మలేకపోయారు. 2025కు ఒబామాకేర్ మార్కెట్లో బీమా తీసుకున్న టెక్సాస్ జనం దాదాపు 40 లక్షలు.

ఎదుటి పక్షం దగ్గర అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం కాంకూన్. అది అందరికీ తెలుసు గానీ, ముందు జరిగింది చాలామంది మర్చిపోయారు. 2020 ఆగస్టులో ఎండలకు కాలిఫోర్నియాలో కరెంటు కోతలు పెట్టారు. క్రూజ్ గారు ట్విటర్‌లోకి వచ్చి, నాగరికతకు కనీసం కావాల్సిన కరెంటు కూడా ఆ రాష్ట్రం ఇవ్వలేకపోతోందని ఎద్దేవా చేశారు. ఆరు నెలలు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టింది. 45 లక్షలకు పైగా ఇళ్ళకు, దుకాణాలకు కరెంటు పోయింది. కేంద్రం పెత్తనం మాకెందుకని టెక్సాస్ తన గ్రిడ్‌ను దశాబ్దాలుగా మిగతా దేశానికి దాదాపు దూరంగా ఉంచుకుంది. పక్క రాష్ట్రాల్లో కరెంటు ఉన్నా తెచ్చుకునే దారి సన్నం. చలికి తాళలేక గరాజులో కారు ఇంజను నడుపుకుని వెచ్చగా కూర్చున్నవాళ్ళు విషవాయువుకు పోయారు. రాష్ట్ర ఆరోగ్యశాఖ తేల్చిన లెక్కే 246 మరణాలు.

ఫిబ్రవరి 17న క్రూజ్ గారు హ్యూస్టన్ నుంచి మెక్సికోలోని కాంకూన్ బీచికి విమానమెక్కారు. తోటి ప్రయాణికులు ఫోటోలు తీశారు. మర్నాడే తిరిగొచ్చారు. పిల్లలు అడిగితే మంచి తండ్రిగా దిగబెట్టి రావడానికి వెళ్ళానన్నారు. అంటే ప్రపంచంలో మొట్టమొదటిసారి ఒక సెనేటర్ తన నిర్ణయాన్ని పది, పన్నెండేళ్ళ పిల్లల మీదికి నెట్టి, దానికి మంచితనం అని పేరు పెట్టారు. తర్వాత వారాంతం దాకా ఉండాలనే బయల్దేరానని, అది తప్పేనని ఒప్పుకున్నారు. ఒప్పుకున్నారు కనుక ఆ మాట రికార్డులో పెడుతున్నాను. పాపం, ఆ ఇంటి కుక్కపిల్ల స్నోఫ్లేక్ మాత్రం చలిలో అద్దాల తలుపులోంచి బయటికి చూస్తూ ఒక విలేకరి కెమెరాకు చిక్కింది.

సెనేటర్ ఊళ్ళో ఉంటే మాత్రం కరెంటు స్తంభం ఎక్కి తీగలు కలుపుతాడా అని ఆయన మనుషులు అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఆ వారమే న్యూయార్క్ నుంచి డెమోక్రాట్ సభ్యురాలు అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ టెక్సాస్ కోసం దాదాపు 50 లక్షల డాలర్ల చందాలు పోగుచేసి, హ్యూస్టన్ ఆహార నిధి గోదాములో వచ్చి నిలబడింది. ఆమెకూ కరెంటు పని రాదు. శాండీ డబ్బు దుబారా అన్నప్పుడు ఆయన వద్దన్నది ఆమె ఊరికే.

2025 జులై 4 తెల్లవారుజామున గ్వాడలూపే నది పొంగి, మధ్య టెక్సాస్‌లో 130 మందికి పైగా చనిపోయారు. వేసవి శిబిరానికి వెళ్ళిన ఆడపిల్లలు ఉన్నారు వాళ్ళలో. దీనిమీద వ్యంగ్యం నాకు చేతకాదు. జరిగింది మాత్రం చెబుతాను. అప్పుడు క్రూజ్ గారు కుటుంబంతో గ్రీసులో ఉన్నారు. సెలవు ముందే అనుకున్నదని, వీలైనంత త్వరగా వచ్చారని ఆయన కార్యాలయం చెప్పింది. నిజమే, రెండు మూడు రోజుల్లో వచ్చారు. అదే జులై 4న ట్రంప్ సంతకం పెట్టిన భారీ బిల్లులో, వాణిజ్య కమిటీ అధ్యక్షుడిగా క్రూజ్ గారు సిద్ధం చేసిన భాగం ఒకటుంది. వాతావరణ పరిశోధన, అంచనాలు, ప్రజలకు హెచ్చరికలు చేరవేయడం మెరుగుపరచడానికి ఉంచిన 15 కోట్ల డాలర్ల నిధిలో ఖర్చుకాని డబ్బును అది వెనక్కి తీసుకుంది. వరదకూ దీనికీ ముడిపెట్టను. ఆ నిధి ఉన్నా ఆ రాత్రి ఏమీ మారేది కాకపోవచ్చు. కానీ ఏడాదికోసారి తుఫానో, వరదో, మంచో వచ్చిపడే రాష్ట్రం సెనేటర్ చేతికి కత్తెర దొరికినప్పుడు మొదట తెగింది వాతావరణం పద్దు కావడం గమనించదగ్గది.

సాక్ష్యాలు అయిపోయాయి. ఇప్పుడు నా వాదన.

టెక్సాస్ జనాభా ఇప్పుడు మూడు కోట్లు దాటింది. వీళ్ళంతా క్రూజ్ గారి నియోజకవర్గం అనుకోవడమే ఎదుటి పక్షం చేసిన తప్పు. 1994 తర్వాత ఆ రాష్ట్రంలో రాష్ట్రమంతా ఓటేసే ఏ పదవికీ డెమోక్రాట్ గెలవలేదు. అంటే నవంబరు ఎన్నిక లాంఛనం, రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి ఎవరని తేల్చే ప్రైమరీయే అసలు ఎన్నిక. 2012లో క్రూజ్ గారికీ, లెఫ్టినెంట్ గవర్నర్ డేవిడ్ డ్యూహర్స్ట్‌కూ మధ్య రెండో విడత ప్రైమరీ జరిగింది, జులై 31న, మండుటెండలో. రెండున్నర కోట్లు దాటిన రాష్ట్రంలో ఓటు వేసింది దాదాపు 11 లక్షల మంది. అందులో ఆయనకు పడ్డవి 6.3 లక్షలు. నా క్లయింటును వాషింగ్టన్ పంపినవాళ్ళు వాళ్ళే. జులై ఎండలో పనిగట్టుకుని వెళ్ళి పార్టీ ఓటు వేసేవాడికి కావాల్సింది బడి కాదు, బీమా కాదు. వాషింగ్టన్ మీద కోపం ఉన్న మనిషి వాషింగ్టన్‌లో కూర్చోవడం. ఈ గిరాకీకి సరుకు అందించడంలో క్రూజ్ గారు ఏనాడూ లోటు చేయలేదు. 21 గంటల ప్రసంగం వాళ్ళకే. రోడ్ల బిల్లుకు వద్దన్న ఓటు వాళ్ళకే. రోడ్డు మాత్రం మిగతావాళ్ళకు, అదీ ఊరికే. 2018లో డెమోక్రాట్ బీటో ఓరూర్క్ ఆయన్ని ఓటమి అంచుదాకా తెచ్చి, 2.6 శాతం తేడాతో ఓడిపోయాడు. లాంఛనం ఒక్కసారి అసలు ఎన్నికలా కనిపించేసరికి ఆయన ఎంత కంగారుపడ్డారో ఆ ఏడాది ప్రచారం చూసినవాళ్ళకు తెలుసు.

ఈ లెక్క తెలిస్తే మన తెలుగువాళ్ళకు జరిగింది కూడా అర్థమవుతుంది. డల్లాస్ శివార్లలో ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, అటు ఆస్టిన్, హ్యూస్టన్, ఎక్కడికెళ్ళినా మనవాళ్ళే. వాళ్ళ తలరాతలో సగం హెచ్-1బీ వీసా రాస్తుంది. 2013 మేలో వలస సంస్కరణల బిల్లు సెనేట్ జ్యుడీషియరీ కమిటీకి వచ్చినప్పుడు, ఏటా 65,000 ఉన్న ఆ వీసాల కోటాను ఒక్కసారిగా 3,25,000 చేయాలని సవరణ పెట్టిన మహానుభావుడు ఎవరు? టెడ్ క్రూజ్ గారే. ఐదు రెట్లు! సవరణ వీగిపోయింది గానీ, ఆనాడు హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు ఈ సంగతి తెలిసి ఉంటే ఫ్లెక్సీ కట్టి పాలాభిషేకం చేసేవాళ్ళు.

ఆ ఫ్లెక్సీని రెండేళ్ళకే దించాల్సి వచ్చేది. 2015లో ట్రంప్ వలసల మీద గొంతెత్తాడు. అంతకుముందే ఫ్లోరిడాలో డిస్నీ తన ఉద్యోగులను తీసేసి, ఆ పనిని హెచ్-1బీ మీద వచ్చినవాళ్ళతో చేయిస్తోందని గొడవ రేగింది. ఆ ఉద్యోగుల కోపంలో న్యాయముంది, కాదనలేం. నవంబరులో క్రూజ్ గారి ప్రచార ప్రణాళిక వచ్చింది: 180 రోజులు హెచ్-1బీల జారీ మొత్తం ఆపేసి విచారణ జరపాలి. డిసెంబరులో తోటి సెనేటర్ జెఫ్ సెషన్స్‌తో కలిసి బిల్లు కూడా పెట్టారు, ఏడాదికి 1,10,000 డాలర్ల జీతం ఇవ్వలేనివాడు ఆ వీసాతో మనిషిని తెచ్చుకోకూడదని. మన ఇంజనీర్లు రెండున్నరేళ్ళలో మారలేదు. వాళ్ళ కోడింగ్ మారలేదు. ఓటు లేనివాడి విషయంలో మాట మార్చడానికి ఖర్చు ఉండదు, అంతే. పన్నులు కడతారు, ఇళ్ళు కొంటారు, గుళ్ళు కడతారు, గ్రీన్‌కార్డు వరుసలో తలలు నెరుస్తాయి. ప్రైమరీలో మాత్రం లెక్కకు రారు. వాళ్ళకు అక్కడే పుట్టిన పిల్లలు పద్దెనిమిది నిండి ఓటుకు వస్తున్నారు. ఆ సంగతి నా క్లయింటుకు ఎవరైనా చెప్పారో లేదో.

సిద్ధాంతాల విషయంలో కూడా ఆయన్ని అపార్థం చేసుకుంటున్నారు. రాష్ట్రాల హక్కుల గురించి ఆయన మాట్లాడినంత ఎవరూ మాట్లాడి ఉండరు. వాషింగ్టన్ టెక్సాస్ జోలికి రాకూడదు. 2025లో కృత్రిమ మేధ కంపెనీల మీద ఏ రాష్ట్రమూ పదేళ్ళపాటు సొంత చట్టాలు అమలు చేయకూడదని, కాదంటే కొత్త బ్రాడ్‌బ్యాండ్ నిధులు రావని ఆ భారీ బిల్లులో షరతు పెట్టించారు. రాష్ట్రాల హక్కులు గొప్పవే గానీ, సిలికాన్ వ్యాలీ హక్కుల తర్వాతే. సొంత పార్టీ గవర్నర్లే తిరగబడ్డారు. జులై 1న ఆ షరతును తీసేయాలని ఓటు పెడితే 99 మంది సరే అన్నారు, ఒక్కడు కాదన్నాడు. ఆ ఒక్కడు నార్త్ కరొలినా థామ్ టిలిస్. తాను పెట్టిన షరతును తానే పీకేసిన 99 మందిలో క్రూజ్ గారున్నారు. ఓడిపోయే పక్షంలో ఒంటరిగా నిలబడటం 2013లో 21 గంటలపాటు చేశారు కదా, ఇక చాలనుకున్నారేమో.

అదే బిల్లులో ఖర్చు తగ్గించాలన్న పట్టుదల మధ్య ఒక చిన్న ముచ్చట తీర్చుకున్నారు. డిస్కవరీ అంతరిక్ష నౌక 39 సార్లు అంతరిక్షానికి వెళ్ళొచ్చి, 2012 నుంచి వాషింగ్టన్ పక్కన వర్జీనియాలో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. దాన్ని హ్యూస్టన్ తేవాలని క్రూజ్, కార్నిన్ కలిసి బిల్లు పెట్టారు, అంతరిక్ష నౌకను ఇంటికి తెద్దాం అంటూ. అది హ్యూస్టన్‌లో ఏనాడూ ఉన్నది కాదు. ఫ్లోరిడాలో ఎగిరింది, అక్కడో కాలిఫోర్నియాలోనో దిగింది, హ్యూస్టన్‌వాళ్ళు మైకులో మాట్లాడారు. ఆ లెక్కన కాల్ సెంటర్‌కు ఫోన్ చేసిన ప్రతివాడి ఇల్లూ కాల్ సెంటర్‌వాళ్ళదే. బిల్లులో నౌక పేరు రాయకుండా, మనుషులు ప్రయాణించిన వాహనం ఒకటి తరలించడానికంటూ 8.5 కోట్ల డాలర్లు పెట్టారు. వాహనం మాది, దానం రాసిచ్చారు, తరలించాలంటే ముక్కలు చేయాల్సి రావొచ్చు, ఖర్చు మీరు పెట్టినదానికన్నా చాలా ఎక్కువ అని స్మిత్సోనియన్ మొత్తుకుంది. ఆస్తి హక్కు పరమ పవిత్రమని నమ్మే సంప్రదాయవాది చెవిన ఈ మాటలు పడ్డట్టు లేదు.

విమానాల విషయంలో మాత్రం ఆయన చిత్తశుద్ధిని శంకించలేం. 2024 విమానయాన చట్టంలో వాషింగ్టన్ రీగన్ విమానాశ్రయానికి దూరపు సర్వీసులు ఐదు పెంచాలని పట్టుబట్టి సాధించారు. దాంతో శాన్ ఆంటోనియోకు నేరుగా విమానం వచ్చింది. ఆ ఊరివాళ్ళు ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నది. ఇది నిజంగా మంచి పని, వ్యంగ్యం లేకుండా చెబుతున్నాను. అదే చట్టం తయారవుతున్నప్పుడు, విమానాశ్రయాల్లో కాంగ్రెస్ సభ్యులకు వెంట నడిచే పోలీసు భద్రత కల్పించాలని ఆయన ఒక సవరణ కూడా సిద్ధం చేశారని వార్త వచ్చింది. తిరుమలలో వీఐపీ బ్రేక్ దర్శనం చూసిన మనకు ఇందులో వింతేమీ కనబడదు. కాంకూన్ విమానం దగ్గర ఫోటోలు తీసినవాళ్ళకు కనబడి ఉంటుంది.

డబ్బు సంగతీ చెప్పి ముగిస్తాను. 2018 ఎన్నికకు సరిగ్గా ముందురోజు క్రూజ్ గారు తన సొంత ప్రచారానికి 2,60,000 డాలర్లు అప్పిచ్చారు. ఎన్నికయ్యాక వచ్చే చందాల్లోంచి అభ్యర్థి 2,50,000 మించి వెనక్కి తీసుకోకూడదని చట్టం. పదివేలు పోయాయి. పోవాలనే ఇచ్చారు, కోర్టుకు వెళ్ళడానికి. 2022 మేలో సుప్రీంకోర్టు ఆరుగురు, ముగ్గురుగా చీలి ఆ చట్టాన్ని కొట్టేసింది. ఇప్పుడు గెలిచిన అభ్యర్థి, తాను గెలిచాక చందా ఇచ్చే పెద్దమనిషి డబ్బుతో తన సొంత అప్పు పూర్తిగా తీర్చుకోవచ్చు. ఆ చందా ఎందుకిస్తాడో, అది నేరుగా ఎవరి జేబులోకి వెళుతుందో భిన్నాభిప్రాయం రాసిన న్యాయమూర్తి ఎలేనా కేగన్ అడిగింది. క్రూజ్ గారి పేరు మీద చరిత్రలో నిలిచిపోయే కేసు ఇదే. తుఫాను బాధితులకో, బీమా లేనివాళ్ళకో సంబంధించింది కాదు.

ఇక పదవీ కాలం. రాజకీయాల్లో ఏళ్ళకేళ్ళు తిష్ఠ వేయడం క్రూజ్ గారికి గిట్టదు. సెనేటర్‌కు రెండు దఫాలు, ప్రతినిధుల సభ సభ్యుడికి మూడు దఫాలు మించకూడదని రాజ్యాంగ సవరణ కోసం 2017 జనవరిలో రాన్ డిశాంటిస్‌తో కలిసి తీర్మానం పెట్టారు. అప్పటినుంచి ప్రతి కొత్త కాంగ్రెస్‌లోనూ మళ్ళీ పెడుతూనే ఉన్నారు. రెండో దఫాలో ఉండగానూ పెట్టారు. 2024లో మూడో దఫాకు పోటీచేసి డెమోక్రాట్ కోలిన్ ఆల్‌రెడ్‌ను ఓడించి, 2031 జనవరి దాకా కుర్చీ ఖాయం చేసుకుని, 2025లో మళ్ళీ పెట్టారు. ఇదేమిటని అడిగేవాళ్ళు తీర్మానం చివరిదాకా చదవలేదు. సవరణ ఆమోదం పొందేలోగా మొదలైన దఫాలేవీ లెక్కలోకి రావని అందులో ఒక వాక్యం ఉంది. అంటే రేపు పొద్దున ఆయన కల నెరవేరి సవరణ పాసైనా, ఇప్పటి మూడు దఫాలూ పక్కకుపోయి, నా క్లయింటుకు ఇంకో 12 ఏళ్ళు చేతిలో ఉంటాయి.